మాటల్లో పండిన హాస్యం కాగితం మీద కూడా పండాలంటే: కొత్తగా రాసేవాళ్లకి

"నేను మాట్లాడితే అందరూ నవ్వుతారండీ. అదే రాసి చూపిస్తే ఎవరూ నవ్వరు. చదువుకుంటే నాకే నవ్వు రావట్లేదు. ఏం చెయ్యాలి?"

ఈ ప్రశ్న విజయనగరంలో కాలేజీ పిల్లలు అడిగారు, శ్రీకాకుళంలో రిటైరైన మాస్టార్లు అడిగారు. ఒకాయనైతే పెళ్లి భోజనాల బంతిలో, పనసపొట్టు కూర రెండోసారి వడ్డించేలోపు జవాబు కావాలన్నట్టు అడిగాడు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు వరసగా రాసి పెడుతున్నాను.

మాట్లాడేటప్పుడు సగం పని మీ మొహం చేస్తుంది. కనుబొమ్మ ఎగరేస్తారు, సరైన చోట ఆగుతారు, అవతలి మనిషి గొంతు దించేస్తారు. కాగితం మీద అవేవీ ఉండవు. ఏ మాట ముందుండాలి, ఏ మాట చివరికి రావాలి, ఏ మాట అసలు రాయకూడదు అన్నవాటితోనే ఆ పనంతా చేయించుకోవాలి. ఇది నేర్చుకుంటే వచ్చేదే. పుట్టుకతో రావాలి అనేవాళ్లని నమ్మకండి. వాళ్లు సాధారణంగా రాసింది రెండోసారి చూసుకోని వాళ్లు.

ఇక్కడ చెప్పేదంతా చిన్న హాస్య కథ, వ్యాసం రాయాలనుకునేవాళ్ల కోసం. స్టేజి మీద మైకు పట్టుకుని నవ్వించడం వేరే విద్య. దాని జోలికి పోను.

కావలసినవి

- జేబులో పట్టే నోటుబుక్కు. ఫోనైనా సరే, కానీ టైపు చేసుకోండి. ఎదుటివాళ్లకి తెలియకుండా రికార్డు చెయ్యడం మర్యాద కాదు. పైగా రికార్డు చేసింది మనం మళ్లీ వినం.
- పనేమీ లేక మనుషులు మాట్లాడుకునే చోటు: ఆర్టీసీ కాంప్లెక్సు, ఆస్పత్రిలో ఓపీ క్యూ, రైతుబజారు, టీ కొట్టు, రైలు రాని స్టేషను.
- చదివి వినిపిస్తే వినే మనిషి ఒకరు. మీరంటే మరీ ప్రేమ ఉన్నవాళ్లు వద్దు. వాళ్లు ముందే నవ్వేస్తారు.
- మొదటి ముక్కకి మూడు వందల మాటల హద్దు. ఇంతకు మించి రాయనని ముందే అనుకోండి. నవల ఆలోచన ఉంటే ప్రస్తుతానికి అటక మీద పెట్టండి.

జోకుల పుస్తకాలు అక్కర్లేదు. వాట్సాప్ ఫార్వార్డులు అసలే అక్కర్లేదు. అవి మీ పాఠకుడి ఫోన్‌లో మీకంటే ముందే ఉన్నాయి.

1. "నవ్వొచ్చింది" అని కాదు, విన్నది విన్నట్టు రాసుకోండి

కొత్తవాళ్ల నోటుబుక్కుల్లో ఎక్కువగా ఇలాంటివే కనిపిస్తాయి: "రాజాం బస్సులో ఒకావిడకీ కండక్టరుకీ కోడి గురించి గొడవ. భలే నవ్వొచ్చింది." మూడు రోజులు పోయాక దీన్ని చూస్తే ఏం మిగిలింది? గొడవ జరిగిందని తెలుస్తుంది, మీరు నవ్వారని తెలుస్తుంది. రాయడానికి పనికొచ్చేది ఒక్క ముక్క లేదు.

అదే సంగతి ఇలా రాసుకుంటే:

"రాజాం బస్సు. ఆవిడ ఒళ్లో బుట్ట, బుట్టలో కోడిపెట్ట. ఆవిడకి ఉచిత టికెట్టు కొట్టాక కండక్టరు: 'కోడికి టికెట్టు తియ్యాలమ్మా.' ఆవిడ: 'నాకు లేని టికెట్టు దానికేటి బాబూ? అదీ ఆడదే.' కండక్టరు కాసేపు ఆగి: 'ఆధారు చూపించు మరి.'"

ఆడవాళ్లకి బస్సు ఉచితమయ్యాక ఇలాంటివి రోజూ దొరుకుతున్నాయి, ఏరుకునే ఓపిక ఉండాలి గానీ. నోటులో మీ అభిప్రాయం అక్కర్లేదు. ఎవరు ఏ మాట అన్నారు, చేతిలో ఏం ఉంది, ఆ తర్వాత ఏం జరిగింది, ఇంతే. వాక్యం తప్పుగా ఉందని సరిదిద్దొద్దు. ఆ తప్పులోనే మనిషి ఉంటాడు.

శ్రీకాకుళంలో పుట్టిన రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు విశాఖలో వకీలు. ఆయన కథల్లో పోలీసులు, సాక్షులు, సారా వ్యాపారులు మాట్లాడే తీరు చూస్తే కోర్టు వరండా ఆయనకి ఎంత ఉపయోగపడిందో తెలుస్తుంది. మీకు కోర్టు లేకపోతే రేషన్ షాపు ఉంది.

సరిగ్గా రాసుకున్నారో లేదో చూడాలంటే వారం ఆగి ఆ నోటు చదవండి. మనిషి గొంతు వినిపించాలి. మీ నవ్వు మాత్రమే గుర్తొస్తే ఆ నోటు పోయినట్టే, దాంతో కుస్తీ పట్టకుండా ఇంకోటి ఏరుకోండి.

2. ఒక్క మనిషిని పట్టుకోండి

పెళ్లిలో జరిగినవన్నీ రాస్తానంటారు చాలామంది. బ్యాండు వాళ్లు, వంటవాళ్లు, ఫొటోగ్రాఫరు, అలిగిన బావగారు, అందరూ ఒకే పేజీలో తోసుకుంటారు. చదివేవాడు ఎవర్ని చూడాలో తెలియక బయటికి వెళ్లిపోతాడు. ఒకరు చాలు.

ఆ మనిషి గురించి ఒక కాగితం మీద మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఆయన చెప్పేది, కుడివైపు ఆయన చేసేది. రెండూ ఒకటే అయితే ఆయన మంచివాడు. హాస్యానికి పనికిరాడు, వదిలెయ్యండి. రెండింటికీ పొంతన కుదరకపోతే మీకు సరుకు దొరికింది.

ఉదాహరణకి మా దగ్గర ఏటా జరిగేదే తీసుకుందాం. విజయనగరంలో విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందు రోజు సోమవారం తొలేళ్లు. సిరిమాను అంటే పూజారిని చివర కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను. అది మూడు లాంతర్ల కూడలి దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ రోడ్డు మీద మేడ ఉన్నవాడికి ఆ ఒక్కరోజు చుట్టాలకి లోటుండదు.

అలాంటి మేడ ఉన్న మావయ్య ఒకాయన. నా కాగితం మీద ఎడమవైపు: జనం పడదు, ఎవర్నీ పిలవను, నడుం నొప్పి. కుడివైపు: కుర్చీలు అద్దెకి తెప్పించాడు, ఎవరు రాలేదో లెక్క చూసుకుంటున్నాడు. ఆయనకి ఏం కావాలో ఆయన నోటితో ఒప్పుకోడు. కుర్చీలు ఒప్పుకుంటున్నాయి.

3. మొహం మార్చకుండా రాయండి

అందరూ పడే గుంట ఇదే. మావయ్య సంగతిని మొదటిసారి రాసేవాళ్లు ఇలా మొదలుపెడతారు:

"మా మావయ్య భలే తమాషా మనిషి!! ఆయన చేసే పనులు చూస్తే ఎవరికైనా కడుపుబ్బ నవ్వాల్సిందే! ఈసారి సిరిమానుకి ఆయన చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. వింటే మీరు కూడా పడీ పడీ నవ్వుతారు..."

నవ్వుతారని ముందే హామీ ఇచ్చాక చదివేవాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడు, "ఏదీ, నవ్వించు చూద్దాం" అని. తమాషా, భలే, కడుపుబ్బ, పడీ పడీ అన్న మాటలు మీ ముక్కలో ఎక్కడ కనిపించినా కొట్టెయ్యండి. బ్రాకెట్లో నవ్వు, నవ్వు మొహం బొమ్మ కూడా అదే కోవ. మీ పాత్రలు నవ్వకూడదు, మీరు అసలే నవ్వకూడదు.

ఎలా రాయాలో తోచకపోతే పోలీసుకి వాంగ్మూలం ఇస్తున్నట్టు రాయండి: ఏ రోజు, ఎక్కడ, ఎవరేమన్నారు. మావయ్య సంగతి ఇలా తేలింది:

> మా మావయ్యకి జనం పడదు. సిరిమాను తిరిగే రోడ్డు మీద మేడ ఉండడం తన ఖర్మ అంటాడు. ఈ ఏడు ఎవర్నీ పిలవలేదు. పిలవలేదన్న సంగతి ఫోన్ చేసి అందరికీ చెప్పాడు.
>
> సోమవారం తొలేళ్ల నాడు ఆటోలో ముప్పై కుర్చీలు దిగాయి.
>
> "ఇన్నెందుకు మావయ్యా?"
>
> "టెంట్ హౌస్ వాడు డజన్ల లెక్కన తప్ప ఇవ్వడట."
>
> ముప్పై అంటే ఎన్ని డజన్లో అత్తయ్య లెక్క వెయ్యబోయి ఊరుకుంది.
>
> మంగళవారం మధ్యాహ్నానికి మేడ నిండిపోయింది. మావయ్య కింద గదిలో తలుపు వేసుకుని నడుం వాల్చాడు. అరగంటకోసారి తలుపు తీసి అడిగేవాడు.
>
> "బొబ్బిలి వాళ్లు వచ్చారా?"
>
> "రాలేదు."
>
> "పీడా పోయింది."
>
> సిరిమాను మూడోసారి కూడా తిరిగింది. జనం మేడ దిగి వెళ్లిపోయారు. టెంట్ హౌస్ కుర్రాడు కుర్చీలు లెక్కపెట్టుకున్నాడు. ఇరవై తొమ్మిది. మేడంతా వెతికాం. ముప్పయ్యోది వీధి గుమ్మంలో ఉంది. అందులో మావయ్య.

ఇందులో ఎక్కడా ఆయన్ని వెక్కిరించలేదు. ఆయన పక్షాన నిలబడి, ఆయన చెప్పిందే నమ్ముతున్నట్టు రాశాను. నమ్మనిది చదివేవాడే.

4. నవ్వు మాటని చివరికి తెండి

మన వాక్యం క్రియతో ముగుస్తుంది. చిక్కంతా అక్కడే. నవ్వు పుట్టించే మాట మధ్యలో వచ్చేసి, ఆ తర్వాత "అని చెప్పడం జరిగింది", "అంటూ ఉంటాడు" లాంటి తోక వేలాడుతుంది. నవ్వబోయినవాడు ఆ తోక చదివేసరికి నవ్వు చల్లారిపోతుంది.

ఈ వాక్యం చూడండి: "మూడు నెలలుగా బిల్లు కట్టని పక్కింటాయనే, కరెంటు పోగానే అందరికంటే ముందు లైన్‌మన్‌కి కోపంగా ఫోన్ చేస్తూ ఉంటాడు."

అంతా ఉంది, నవ్వు లేదు. తెలియాల్సింది మొదటే తెలిసిపోయింది. విడగొట్టి తిరగెయ్యండి:

"కరెంటు పోగానే లైన్‌మన్‌కి మొదటి ఫోను పక్కింటాయనదే. కరెంటు లేకుండా మనుషులు ఎలా బతుకుతారని గట్టిగా అడుగుతాడు. మూడు నెలల బిల్లు బాకీ కూడా ఆయనదే."

దీనికి మూడు దారులు ఉన్నాయి. పొడుగు వాక్యాన్ని రెండు మూడు ముక్కలు చేసి ఆఖరి ముక్క పొట్టిగా ఉంచడం ఒకటి. క్రియ లేకుండా పేరుతోనో వస్తువుతోనో ఆపడం ఇంకోటి, పైన "అందులో మావయ్య" అన్నట్టు. "కూర్చుని బొబ్బిలి వాళ్ల కోసం ఎదురుచూస్తున్నాడు" అని రాయాలని చెయ్యి పీకుతుంది. రాయకండి. మూడోది, అందరూ ఒప్పుకునే మాటలతో మొదలుపెట్టి ఆఖర్న అర్థం తిప్పడం:

"శ్రీకాకుళం రోడ్ అని బోర్డు చూసి రైలు దిగితే అది ఆమదాలవలస. ఊళ్లోకి వెళ్లాలంటే మళ్లీ ఆటోనో బస్సో ఎక్కాలి. రైల్వే వాళ్లనేమీ అనలేం. వాళ్లు రాసింది శ్రీకాకుళం అని కాదు, శ్రీకాకుళం రోడ్."

జాగ్రత్త: ప్రతి వాక్యాన్నీ ఇలా విరిస్తే నాలుగో పంక్తికల్లా చదివేవాడికి మీ ఎత్తు తెలిసిపోతుంది. పేజీకి రెండు మూడు చోట్ల చాలు. మిగతావి మామూలు వాక్యాలే ఉండనివ్వండి.

5. మన దగ్గరున్న చిన్న పనిముట్లు

చెప్పుడు మాటకి చివర పెట్టే "అట" ఉంది చూశారూ, అది రాసేవాడి పాలిట వరం. నింద మీ మీద పడదు, అనుమానం మాత్రం అవతలి వాడి మీద ఉండిపోతుంది. "మా తోడల్లుడికి బీపీ అట. ఉప్పు మానేశాడట. ఆవకాయ ఉప్పు కిందికి రాదట."

"పాపం" కూడా అంతే. "పాపం, నాలుగో జిలేబీ దగ్గరే ఆగిపోయాడు." ముక్కకి ఒక్కసారే. రెండోసారికి ఆ మాట అరిగిపోతుంది.

మర్యాద ఎక్కువైతే తగాదా ముదిరిందని మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో ఆవిడ "మీరు" దాటి "తమరు" దగ్గరికి వెళ్లిందంటే ఆ పూట వంట సంగతి ఊహించుకోవచ్చు. అరుపులు రాసే బదులు ఈ "తమరు" రాసి చూడండి.

ఇడ్లీ గురించి గ్రాంథికంలో రాయడం తేలికైన ఎత్తు. ఒక వాక్యం బాగుంటుంది. పేజీ అంతా అయితే రాసినవాడు తప్ప ఎవరూ భరించలేరు.

6. యాస: ఎంత, ఎక్కడ

"నేను సిక్కోలు వాణ్ణి, మా యాసలో రాస్తే చాలు, అదే కామెడీ" అని వచ్చేవాళ్లున్నారు. ఇక్కడ నాకు కొంచెం కోపం వస్తుంది. సినిమాల్లో మన యాసని చాలాకాలం పనివాళ్ల నోట్లో, అమాయకుల నోట్లో పెట్టి నవ్వించారు. "ఏటి" అన్నాడు కాబట్టి నవ్వాలి అంటే నవ్వుతున్నది మనిషిని చూసి కాదు, ఊరిని చూసి. మనమే ఆ పని చెయ్యడం దేనికి?

చిన్న పరీక్ష ఒకటి చెప్తాను. యాసలో రాసిన సంభాషణని మామూలు పుస్తకాల తెలుగులోకి మార్చి చదవండి. అప్పుడూ నవ్వొస్తే నవ్వు ఆ మాటలో ఉన్నట్టు. మళ్లీ యాసలోకి తెచ్చుకోండి, రెట్టింపు అవుతుంది. నవ్వు పోతే అక్కడ మొదట్నుంచీ ఏమీ లేనట్టు. కోడిపెట్ట ఆవిడ మాట మార్చి చూడండి: "నాకు లేని టికెట్టు దానికి ఎందుకు బాబూ? అది కూడా ఆడదే." నిలబడింది కదా.

రాసేటప్పుడు యాసని సంభాషణల్లోనే ఉంచండి, కథ చెప్పే గొంతు మామూలుగా ఉండనివ్వండి. ప్రతి అక్షరం వంకర తిప్పక్కర్లేదు. "బేగి రా", "ఎల్లిపోనాడు", "తొంగున్నాడు", "ఆ గుంటడేటన్నాడు" లాంటివి మాటకి ఒకటో రెండో పడితే చదివేవాడి చెవి మిగతాది తనే అందుకుంటుంది. మరీ దట్టంగా రాస్తే గుంటూరు వాడు కూడబలుక్కుని చదవాలి. కూడబలుక్కునేవాడు నవ్వడు. ఇంకో సంగతి: శ్రీకాకుళం జిల్లా అంతా ఒకేలా మాట్లాడదు. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాటలు కలుస్తాయి, చదువుకున్న ఇళ్లలో ఒకలా, పొలాల్లో ఒకలా ఉంటుంది. మీరు చెవులారా విన్న యాసే రాయండి.

విజయనగరంలోనే 1892లో మొదటిసారి ఆడిన గురజాడ గారి కన్యాశుల్కం నాటకంలో ఎవరి మాట వాళ్లదే. గిరీశం ఇంగ్లీషు కలిపితే అది అతని వేషం. మిగతావాళ్లు అలా మాట్లాడరు. మీరు రాసిన సంభాషణలో పేర్లన్నీ చేత్తో మూసి చదవండి. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే అందరి నోటా మీరే మాట్లాడుతున్నారన్నమాట.

7. కొయ్యండి

మొదటిసారి రాసిన దాంట్లో మూడో వంతు పోవాలి. ఎక్కడ కొయ్యాలో చెప్తాను.

మొదటి పేరా. సాధారణంగా అది మీరు గొంతు సవరించుకోవడం. తీసేసి రెండో పేరా నుంచి చదవండి, ఎవరికీ తేడా తెలియదు.

నవ్వు తర్వాత వచ్చే వివరణ. "అంటే మావయ్యకి నిజానికి మనుషులంటే ఎంతో ఇష్టం, పైకి అలా అంటాడంతే" అని ఒక వాక్యం కలుపుదామనిపిస్తుంది. కుర్చీలు చెప్పేశాక మళ్లీ మీరు చెప్పడం దేనికి?

పక్కపక్కన రెండు జోకులుంటే రెండోదో మొదటిదో, తక్కువరకంది పోవాలి. ఇది కష్టం. రెండూ మీ పిల్లలే. అయినా తప్పదు.

కోతతో పని అవ్వకపోతే తిరగరాయడమే. గురజాడ గారు 1897లో అచ్చువేయించిన కన్యాశుల్కాన్నే 1909 నాటికి దాదాపు కొత్త నాటకంలా మార్చి మళ్లీ వేయించారు. ఆడిన నాటకాన్ని, అచ్చయిన పుస్తకాన్ని పట్టుకుని ఆయన అంత పని చేస్తే, మన మూడు వందల మాటలకి నామోషీ ఏముంది?

8. చదివి వినిపించండి, మొహం చూడండి

పండిందో లేదో తెలుసుకునే దారి ఇదొక్కటే. "ఒక కామెడీ రాశాను, వింటావా" అని మొదలుపెట్టొద్దు. "ఒక సంగతి రాశాను" అనండి చాలు. గొంతులో నటన పెట్టకుండా, వార్తలు చదివినట్టు చదవండి. నటిస్తే మళ్లీ మీ మొహమే పని చేసేస్తుంది, కాగితం సంగతి తేలదు.

పెన్సిలు దగ్గర పెట్టుకుని ఇవి గుర్తుపెట్టుకోండి:

- అనుకున్న చోట నవ్వారు: ముట్టుకోవద్దు.
- అనుకున్న చోట ఊరుకున్నారు: ఆ వాక్యానికి ముందు వాక్యం చూడండి. తప్పు చాలాసార్లు అక్కడ ఉంటుంది. తెలియాల్సింది ముందు తెలియలేదు, లేదా మరీ ముందే తెలిసిపోయింది.
- "ఎవరు? ఏ కుర్చీ?" అని అడిగారు: అక్కడ కావలసింది జోకు కాదు, స్పష్టత. ఒక మాట కలపండి.
- మీరు అనుకోని చోట నవ్వారు: నోరు మూసుకుని ఉంచేసుకోండి. అవసరమైతే మీరు అనుకున్నదాన్ని తీసెయ్యండి.

వాట్సాప్‌లో పెడితే వచ్చే నవ్వు బొమ్మలు లెక్కలోకి రావు. చదవకుండానే అవి పెడతారు, మనమూ పెడతాం. మర్నాడు ఆ విన్న మనిషిని "నిన్న చదివింది ఏమిటో చెప్పు" అని అడగండి. ఏది గుర్తుపెట్టుకుని చెప్తే అదే మీ ముక్క. చెప్పనిది కొయ్యడానికి సిద్ధంగా ఉన్న భాగం.

వినేవాళ్లు దొరకకపోతే వారం పక్కనపెట్టి, ఆ తర్వాత వేరే ఫాంటులోనో ప్రింటు తీసో చదవండి. కొంత పరాయిగా కనిపిస్తుంది. మనిషికి సాటి రాదు గానీ, ఏమీ లేనిదానికంటే నయం.

ఎవర్ని చూసి నవ్వాలి

ఒంటి రంగు, లావు, నత్తి, కులం, వైధవ్యం, పేదరికం, వీటి జోలికి పోవద్దు. పాపమనే కాదు, ఆ మనిషి ఎంచుకున్నది అందులో ఏమీ లేదు. ఎంచుకోనిదాంట్లో హాస్యం ఉండదు. డాబు, పిసినారితనం, అలక, గొప్పలు, పంతం, ఇవన్నీ మనిషి ఎంచుకున్నవి. వీటిలో సరుకు ఎంతయినా ఉంది. పండగ గురించి రాస్తే మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన మనిషి జోలికి వెళ్లక్కర్లేదు. మేడ మీది వాళ్లు చాలు.

తెలిసినవాళ్ల గురించి రాస్తే పేరొక్కటే మార్చి ఊరుకోకండి. ఇంటి ముందు వేపచెట్టు అలాగే ఉంచితే వీధి వీధంతా పోల్చుకుంటుంది. చుట్టరికం, ఊరు, పని, మూడూ మార్చండి. నేను మావయ్య అని రాసిన ఆయన నాకు మావయ్య కాడు, రాని చుట్టాలది బొబ్బిలీ కాదు. అయినా అసలాయన చదివి పోల్చుకున్నాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. కుర్చీల లెక్క తప్పన్నాడు. ముప్పై ఆరట.

సంభాషణలు రాకపోతే

కొందరికి మనుషుల చేత మాట్లాడించడం కుదరదు. వాళ్లకి తేలిక దారి ఒకటుంది. అర్జీ, నోటీసు, శుభలేఖ, మీటింగు మినిట్సు, ఇలా అందరికీ తెలిసిన ఒక నమూనా తీసుకుని దాని భాష చెడకుండా అందులో మనుషుల్ని కూర్చోబెట్టడం. ఉదాహరణకి వీధి కుళాయి దగ్గర కట్టిన అట్ట:

> కుళాయి వాడుకదార్లకు మనవి
>
> 1. నీళ్లు ఉదయం ఆరు గంటలకు వచ్చును. రానప్పుడు రావు.
> 2. బిందె పెట్టి వెళ్లినవారు వరసలో ఉన్నట్టే లెక్క. ఇటుక పెట్టి వెళ్లినవారు కూడా ఉన్నట్టే లెక్క.
> 3. గత మంగళవారం నాలుగో ఇటుకను రెండో స్థానానికి జరిపినవారు ఎవరో కమిటీకి తెలుసు.
> 4. కమిటీ ఇటుకకు వరస వర్తించదు.

ఇక్కడ కూడా నియమం అదే. నోటీసు నోటీసులాగే గంభీరంగా ఉండాలి. అది నవ్వడం మొదలుపెడితే చదివేవాడు మానేస్తాడు. అయిదారు అంశాలు దాటొద్దు. నమూనా ఎంత బాగున్నా ఒక పేజీకి మించి లాగితే అలుపొస్తుంది.

తరచుగా అడిగే మరికొన్ని

*రోజూ రాయాలా?* రాయక్కర్లేదు, రోజూ వినండి. వారానికి ఒక ముక్క పూర్తి చేస్తే చాలు. మొదలుపెట్టి వదిలేసినవి పదిటికంటే పూర్తిచేసిన పేలవమైనది ఒకటి ఎక్కువ నేర్పుతుంది.

*ఇంట్లోవాళ్ల మీద రాయొచ్చా?* ముందు మీ మీద రాసుకోండి. మీ డాబు, మీ పంతం బయటపెట్టుకున్నాక మిగతావాళ్లు పెద్దగా అభ్యంతరం చెప్పరు. ఒకవేళ చెప్పినా, మీకు ఇంకో ముక్క దొరికినట్టే.

*ఒక్కరూ నవ్వకపోతే?* ఎడమ, కుడి గీత గీసిన కాగితం మళ్లీ తియ్యండి. చెప్పేదానికీ చేసేదానికీ నిజంగా తేడా ఉందా? లేకపోతే అది మంచి జ్ఞాపకమే గానీ హాస్యం కాదు. మామూలు కథగా రాసుకోండి, పనికొస్తుంది.

*ఎక్కడికి పంపాలి?* ముందు ఆ పత్రిక రెండు మూడు సంచికలు చదివి వాళ్లు ఎంత పొడుగు వేస్తున్నారో చూసుకోండి. దీపావళి, సంక్రాంతి ప్రత్యేక సంచికలకి పండగ దగ్గర పడ్డాక పంపితే లాభం లేదు, బాగా ముందే పంపాలి. ఒకే ముక్కని ఒకేసారి ఇద్దరికి పంపకండి. ఇద్దరూ వేసుకుంటే వచ్చే చిక్కు మీద హాస్యం రాయొచ్చు గానీ, దాన్ని వేసుకునేవాళ్లు ఉండరు.

పంపే ముందు ఒక్క పని చెయ్యండి. ముక్కలో ఉన్న ఆశ్చర్యార్థకాలన్నీ తీసేసి మళ్లీ చదవండి. ఎక్కడైనా నవ్వు పోయిందనిపిస్తే అక్కడ ఆ గుర్తు తిరిగి పెట్టొద్దు, ఆ వాక్యమే తిరిగి రాయండి.